ఇంటిల్లిపాదీ చూచే చిత్రం: ఎంపిక ఎవరిది?

(ప్రసంగ పాఠం)



ఆదివారం సాయంత్రం ఒక కుటుంబం కలిసి కూర్చుండి చలనచిత్రం చూడాలనుకొంటుంది. తాతగారు, నాయనమ్మ, తల్లిదండ్రులు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు. టెలివిజన్ తెర వెలగగానే చిత్రాల బొమ్మలు వరుసలు తీరి నిలుస్తాయి. 'మీ కోసం' అని ఒక వరుస, 'మీరు చూచినదాని వంటివి' అని మరొక వరుస. ఆ వరుసలు పేర్చినవారు ఆ ఇంటివారు కారు. వారిని ఎన్నడూ చూడని ఒక యంత్రం వాటిని పేర్చింది. పావుగంట సేపు బొమ్మలు అటూ ఇటూ జరిపిన పిమ్మట, పిల్లలు నిన్న చూచినదాని వంటిదే మరొకటి మొదలవుతుంది. తాతగారు మెల్లగా లేచి తన గదిలోకి వెళ్ళిపోతారు. హైదరాబాదులోనైనా, పాట్నాలోనైనా, కొచ్చిలోనైనా నేడు ఇది అపూర్వమైన దృశ్యం కాదు.

ఇది వినోదానికి సంబంధించిన స్వల్ప విషయమని తోచవచ్చు. కాని బాల్యంలో విన్న కథలే మనిషి తోటివారిని ఊహించుకొనే తీరును తీర్చిదిద్దుతాయి. బెంగాలీ బాలుని, తమిళ బాలికను, మలబారు గ్రామంలోని పిల్లలను తన కథలలో ఒక్కసారైనా కలుసుకోని బిడ్డ, పెద్దయిన తరువాత పాఠ్యపుస్తకంలోని సమైక్యతను కంఠస్థం చేయగలడే గాని, దానిని అనుభవానికి తెచ్చుకోవడం కష్టం. కనుక పిల్లలు చూచే చిత్రాన్ని ఎవరు ఎన్నుకొంటున్నారు అనే ప్రశ్న ఇంటి ప్రశ్న మాత్రమే కాదు, దేశానికి సంబంధించిన ప్రశ్న కూడ.

యంత్రం ఎలా ఎన్నుకొంటుంది?

స్ట్రీమింగ్ అంటే చిత్రాన్ని ముందుగా దింపుకొని దాచుకొనే అవసరం లేకుండా, ఇంటర్నెట్ ద్వారా ప్రవాహంవలె వస్తూ ఉండగానే చూడడం. అమెరికాకు చెందిన నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో ఈ పద్ధతిని చేపట్టింది. మన దేశంలో 2015లో హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో వచ్చాయి. తెలుగు చిత్రాలతో ఆరంభమైన 'ఆహా' 2020లో వెలసింది. ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అనే వేదికను ప్రారంభించింది. ఇన్ని వేదికలలో వేలాది చిత్రాలు ఉన్నప్పుడు, వెదకి పెట్టేవారు అవసరమే. ఆ పని చేసేదే సిఫారసు వ్యవస్థ.

దాని మూలసూత్రం కఠినమైనది కాదు. ఒక ప్రేక్షకుడు చూచిన చిత్రాల పట్టికను లక్షలాది ఇతరుల పట్టికలతో పోల్చుతారు. రెండు పట్టికలకు దగ్గరి పోలిక ఉంటే, మొదటివారు చూచి రెండవవారు చూడని చిత్రాన్ని రెండవవారి ముందు ఉంచుతారు. చిత్రం ఏ భాషలోనిది, ఏ తరహా కథ, నటులెవరు, ప్రేక్షకుడు ఎంతసేపు చూచాడు, ఎక్కడ విసిగి ఆపివేశాడు అనే వివరాలను కూడ లెక్కలోనికి తీసుకొంటారు. ఈ లెక్క ఎంత విలువైనదో తెలుపడానికి ఒక్క ఉదాహరణ చాలు. తన అంచనాలను 10 శాతం మెరుగుపరచినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ ప్రకటించింది. దేశదేశాల గణితజ్ఞులు మూడేళ్ళు శ్రమించగా, 2009లో ఆ బహుమతి ఒక బృందానికి దక్కింది.

ఇంతటి నైపుణ్యాన్ని తక్కువ చేసి మాట్లాడవలసిన పని లేదు. అయితే దాని స్వభావం తెలుసుకొని ఉండాలి. గ్రంథాలయాన్నే ఉదాహరణగా తీసుకొందాం. ఒక విద్యార్థి అపరాధ పరిశోధన నవల తిరిగి ఇస్తే, వెంటనే అటువంటిదే మరొక నవల చేతికి అందించే సహాయకుడు ఒకడున్నాడనుకొందాం. అతడు చురుకైనవాడు, మర్యాదస్తుడు. కాని ఆ విద్యార్థిని చరిత్ర పుస్తకాల బీరువా దగ్గరికి గాని, కవిత్వం ఉన్న మూలకు గాని ఎన్నడూ తీసుకొనిపోడు. ఏడాది గడిచినా విద్యార్థి ఒకే బీరువా ముందు నిలిచి ఉంటాడు. 'ఈ గ్రంథాలయంలో ఉన్నదంతా ఇదే' అని కూడ నమ్ముతాడు. మంచి గ్రంథపాలకుడు అలా చేయడు. అడిగినది ఇస్తూనే, అడగడం తెలియనిదానిని కూడ చూపుతాడు.

యంత్రానికి మరి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఒకే ఖాతాను ఇంటిలో అందరూ వాడినప్పుడు అది ఆరుగురిని కలిపి ఒక్క మనిషిగా లెక్కిస్తుంది. ప్రత్యేక ఖాతాలు ఏర్పరచుకొంటే ఆరుగురిని ఆరు గదులలో కూర్చుండబెడుతుంది. కలిసి చూడడమనే క్రియకు దాని లెక్కలో చోటు స్వల్పం. రెండవది, ఎక్కువమంది చూచిన చిత్రానికే ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి గనుక దానినే మరింతమందికి చూపుతుంది. తక్కువమంది చూచినది వెనుకబడి, వెనుకబడినందువలననే మరింత తక్కువమందికి కనబడుతుంది. ఇందులో పాత చిత్రాలకు జరిగే నష్టం ఎక్కువ. 1957లో 'మాయాబజార్'ను టూరింగు టాకీసులో నేల టికెట్టుపై చూచి పరవశించిన ప్రేక్షకుడు ఏ యంత్రంలోను తన జాడ వదలి వెళ్ళలేదు. ఆ చిత్రాన్ని తరతరాలు ప్రేమించిన సంగతి తెలిసినది ఇంటిలోని పెద్దలకే. ఆ జ్ఞాపకాన్ని పిల్లలకు అందించవలసినవారు కూడ వారే.

గతం స్వర్ణయుగమా?

అలాగని పూర్వం అంతా సవ్యంగా ఉండేదని చెప్పడం సత్యం కాదు. మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. 1980 దశకంలో దూరదర్శన్ ఆదివారం సాయంత్రం హిందీ చిత్రాన్ని, మధ్యాహ్నం వేళ ఇతర భారతీయ భాషా చిత్రాన్ని ప్రసారం చేసేది. ప్రేక్షకునికి వేరే మార్గం లేదు. నచ్చకపోతే టెలివిజన్ కట్టివేయడమే. కాని ఆ నిర్బంధంలోనే ఒక మేలు ఇమిడి ఉండేది. గుంటూరులోని గృహిణి ఒక అస్సామీ చిత్రాన్ని, భోపాల్‌లోని విద్యార్థి ఒక కన్నడ చిత్రాన్ని అడుగున ఉన్న అక్షరాల సహాయంతో చూచారు. వారు ఆ చిత్రాన్ని కోరుకోలేదు. కోరుకోవడానికి అది ఉన్నదని తెలియాలి గదా!

బాలల విషయంలో ప్రభుత్వం ఇంతకు ముందే ఒక ప్రయత్నం చేసింది. 1955లో బాలల చలనచిత్ర సంస్థ స్థాపించబడింది. కేదార్ శర్మ దర్శకత్వంలో ఆ సంస్థ నిర్మించిన తొలి చిత్రం 'జలదీప్' 1956లో వచ్చింది. ఆ తరువాత దశాబ్దాలపాటు సంస్థ తన చిత్రాలను అనేక భారతీయ భాషలలోకి అనువదించి పాఠశాలల పిల్లలకు చూపింది. అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాలు నిర్వహించింది. 2013, 2015, 2017 సంవత్సరాలలో ఈ ఉత్సవాలకు హైదరాబాదు నగరమే ఆతిథ్యమిచ్చింది. 2022లో ఈ సంస్థ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది.

నేడు ప్రేక్షకునికి స్వేచ్ఛ ఉన్నది. ఆనాటికంటె వెయ్యి రెట్లు విస్తారమైన భాండాగారం ఉన్నది. లోపించినది ఒక్కటే. తెలియని తలుపును తట్టి చూపే చెయ్యి. ఆ చెయ్యి ఇక ఇంటి పెద్దలది, ఉపాధ్యాయులది, గ్రంథపాలకులది కావాలి.

ఒక కథ, నాలుగు ప్రయాణాలు

భారతీయ కుటుంబ చిత్రాలు ఒక భాషకు కట్టుబడి ఉండిపోలేదు. దీనికి నిదర్శనంగా ఒక కథ ప్రయాణాన్ని పరిశీలించవచ్చు. జర్మన్ రచయిత ఎరిక్ కేస్ట్‌నర్ 1949లో పిల్లల కోసం ఒక నవల ప్రచురించాడు. తల్లిదండ్రులు విడిపోగా ఒకరు తల్లివద్ద, ఒకరు తండ్రివద్ద పెరిగిన కవల బాలికలు వేసవి శిబిరంలో అనుకోకుండా కలుసుకొంటారు. వారు స్థానాలు మార్చుకొని, తల్లిదండ్రులను తిరిగి కలుపుతారు. ఈ కథ ఆధారంగా అమెరికాలో డిస్నీ సంస్థ 1961లో 'ది పేరెంట్ ట్రాప్' అనే చిత్రం తీసింది. ఆ కథా సూత్రమే మద్రాసులోని ఏ.వి.ఎం. సంస్థ చేతిలో 1965లో తమిళ చిత్రం 'కుళందయుం దైవముం' అయింది. 1966లో తెలుగులో 'లేత మనసులు' అయింది. 1968లో హిందీలో 'దో కలియాఁ' అయింది. మూడింటికీ దర్శకులు కృష్ణన్-పంజు జంటే. తమిళంలోను తెలుగులోను కవలలుగా నటించిన బాలిక ఒక్కరే, బేబీ పద్మిని. హిందీలో ఆ పాత్రలు ధరించిన బాలిక, పెద్దయిన తరువాత ప్రసిద్ధ కథానాయికగా పేరు పొందిన నీతూ సింగ్.

ఈ ప్రయాణంలో ఏమి మారింది, ఏమి మారలేదు అన్నది పిల్లలతో చర్చించదగిన విషయం. మూల కథలో దంపతులు విడాకులు పొందినవారు. మన చిత్రాలలో వారిని విడదీసినది అత్తగారి ధనగర్వం. కలిపేది పిల్లల ప్రేమ, దానికి తోడు దైవంపై వారికి గల నమ్మకం. జర్మనీలోని విడాకుల సమస్య మద్రాసుకు చేరేసరికి ఇల్లరికపు అల్లుని ఆత్మగౌరవ సమస్యగా మారింది. సమాజం మారినప్పుడు కథ తన బట్టలు మార్చుకొన్నది. కాని అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉండాలని కోరే బిడ్డ మనసు ఏ భాషలోను మారలేదు. తెలుగు చిత్రం చూచిన పిల్లలకు మరుసటి వారం హిందీ చిత్రం చూపిస్తే, భాష పూర్తిగా రాకపోయినా కథ తెలిసినందువలన సంభాషణలు వాటంతట అవే బోధపడతాయి. హిందీ నేర్చుకొనే తెలుగు విద్యార్థికి గాని, తెలుగు వినాలని కోరే హిందీ ప్రాంతపు బాలునికి గాని ఇంతకంటె హాయి అయిన పాఠం దొరకదు.

యంత్రం ఈ చిత్రాలను వేర్వేరు భాషల వరుసలలో పెట్టవచ్చు. అవి అక్కచెల్లెళ్ళని చెప్పగలవారు మనుషులే.

పిల్లల కోసం తెరవదగిన తలుపులు

'మాయాబజార్' తెలుగువారికి పరిచయం చేయనక్కరలేని చిత్రం. అయితే కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ దీనిని తెలుగు, తమిళ భాషలు రెండింటిలోను నిర్మించిందని నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. ఘటోత్కచుడు మాత్రం రెంటిలోను ఎస్.వి. రంగారావే. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో లడ్డూలు తమంతట తామే ఎగిరి నోటిలోకి పోవడం, కంప్యూటర్ మాయలకు అలవాటుపడిన పిల్లలను సైతం నవ్విస్తుంది. 'ఈ కథలో పాండవులు ఒక్కసారైనా కనబడరేం?' అని అడిగే పిల్లవాడు ఉంటే, ఆ సాయంత్రం సార్థకమైనట్లే. 2010లో దీనికి రంగులు అద్ది విడుదల చేశారు. నలుపు తెలుపుల చిత్రమంటే ముఖం చిట్లించే పిల్లలకు మొదట రంగుల ప్రతి చూపి, తరువాత అసలు ప్రతి చూపడంలో తప్పు లేదు.

1972లో వచ్చిన 'పాపం పసివాడు' మరొక విధమైన చిత్రం. విమానం కూలిపోగా ఎడారిలో ఒంటరిగా చిక్కుకొన్న బాలుని కథ ఇది. దీనికి ప్రేరణ 1969 నాటి ఒక దక్షిణాఫ్రికా చిత్రం. చిత్రీకరణ జరిగినది రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో. కృష్ణా గోదావరి తీరాల పిల్లలు తమ దేశంలోనే ఇటువంటి ఇసుక సముద్రం ఒకటి ఉన్నదని ఆనాడు ఈ తెలుగు చిత్రం ద్వారా చూడగలిగారు.

తూర్పు వైపు చూస్తే సత్యజిత్ రాయ్ 1969లో తీసిన 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' ఉన్నది. ఈ కథ రాసినది ఆయన తాతగారైన ఉపేంద్రకిశోర్ రాయచౌధురి. చిత్రం తీయుమని కోరినది ఆయన కుమారుడైన బాలుడు సందీప్. తాత రాసిన కథను మనుమడు తన కుమారుని కోసం తెరకెక్కించాడన్నమాట. అపస్వరాల గాయకుడొకడు, లయ తెలియని డోలు వాద్యకారుడొకడు భూతరాజు వరాలు పొంది, ఆకలితో ఉన్న సైనికులపై ఆకాశం నుండి మిఠాయి కుండలు కురిపించి యుద్ధాన్ని ఆపివేస్తారు. బెంగాలీ ఒక్క ముక్క రాని పిల్లలకు కూడ ఆ మిఠాయిల వాన అర్థమవుతుంది. ఆకలి తీరిన సైనికుడు యుద్ధం చేయడన్న మాట కూడ అర్థమవుతుంది.

పడమటి తీరాన జి. అరవిందన్ 1979లో తీసిన మలయాళ చిత్రం 'కుమ్మాట్టి' ఉన్నది. ఊరూరా తిరిగే మాంత్రికుడొకడు ఆటలో పిల్లలను జంతువులుగా మారుస్తాడు. ఒక బాలుడు మాత్రం కుక్క రూపంలోనే మిగిలిపోతాడు. మరల మనిషి అయిన తరువాత ఆ బాలుడు చేసే మొదటి పనులలో ఒకటి, పంజరంలోని చిలుకను విడిచిపెట్టడం. ఉపన్యాసం ఒక్కటి కూడ లేకుండా స్వేచ్ఛను గూర్చి ఇంతకంటె బాగా చెప్పడం సాధ్యమా?

మన సరిహద్దుల ఆవలి పొరుగువారిని కూడ మరువరాదు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1892లో రాసిన 'కాబూలీవాలా' కథను తపన్ సిన్హా 1957లో బెంగాలీలోను, బిమల్ రాయ్ నిర్మాతగా హేమెన్ గుప్తా 1961లో హిందీలోను చిత్రాలుగా తీశారు. కాబూలు పేరు వార్తలలో యుద్ధంతో ముడిపడి మాత్రమే విన్న నేటి పిల్లలు, బల్‌రాజ్ సాహ్నీ పోషించిన ఆ పఠాను తండ్రిని చూడాలి. దూరాన ఉన్న తన కుమార్తె చేతి ముద్రను కాగితంపై దాచుకొని కలకత్తా వీధులలో ఎండుపండ్లు అమ్మే మనిషిని చూచిన తరువాత, ఆ దేశం వారికి పరాయి దేశం కాదు. శ్రీలంకలో మార్టిన్ విక్రమసింఘె నవల ఆధారంగా లెస్టర్ జేమ్స్ పీరిస్ 1976లో 'మడోల్ దూవ' తీశారు. అల్లరి పిల్లలు ఇద్దరు ఇల్లు విడిచి, ఒక దీవిలో శ్రమించి బ్రతకడం నేర్చుకొనే కథ అది. బంగ్లాదేశ్‌లో బాదల్ రహమాన్ 1980లో 'ఎమిలేర్ గోయెందా బాహినీ' అనే బాలల చిత్రం తీశారు. దాని మూలం కూడ ఎరిక్ కేస్ట్‌నర్ నవలే. మద్రాసుకు కవలలను పంపిన రచయితే ఢాకాకు బాల పరిశోధకులను పంపాడు. కథలకు ప్రవేశపత్రాలు అక్కరలేదు.

దూరాన ఉన్న తెలుగు పిల్లలు

తెలుగు కుటుంబాలు అన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోనే లేవు. షోలాపూర్, భివండీల చేనేత, మరమగ్గాల వాడలలో, ఖరగ్‌పూర్ రైల్వే నివాసాలలో, బరంపురంలో, హోసూరులో తరతరాలుగా తెలుగువారు ఉన్నారు. సముద్రాలు దాటి వెళ్ళినవారు కూడ ఉన్నారు. వీరి పిల్లలు బడిలో మరొక భాష చదువుతారు, వీధిలో మరొక భాష మాట్లాడతారు. ఇంట్లో నాయనమ్మ మాట వారికి క్రమంగా సగమే అర్థమవుతుంది. యంత్రం ఆ పిల్లలకు వారు అలవాటుపడిన భాషలోని చిత్రాలనే చూపుతుంది. ఆ విధంగా ఆ సగం కూడ జారిపోతుంది. నాయనమ్మ పక్కన కూర్చుండి చూచిన ఒక పాత తెలుగు చిత్రం, ఆ బిడ్డకు పోతున్న మాటలను కొంతైనా నిలుపుతుంది. అదే విధంగా హైదరాబాదులో స్థిరపడిన మరాఠీ, తమిళ, రాజస్థానీ కుటుంబాలకు తమ తమ భాషల చిత్రాలు అవసరం. ఇంటి భాషను నిలుపుకోవడం, ఇరుగుపొరుగు భాషను ఆదరించడం పరస్పర విరుద్ధాలు కావు. తన అమ్మ భాషను ప్రేమించినవాడికే ఎదుటివాని అమ్మ భాష విలువ తెలుస్తుంది.

పాతదైనంత మాత్రాన మంచిదా?

ఈ ప్రశ్నను తప్పించుకోరాదు. పాత కుటుంబ చిత్రాలలో పిల్లలను బెత్తంతో కొట్టడం క్రమశిక్షణగా చూపబడుతుంది. భర్త భార్యను చెంపదెబ్బ కొడితే ఆమెకు బుద్ధి వచ్చినట్లు చూపబడుతుంది. నత్తివానిని, లావుగా ఉన్నవానిని, నల్లని ఛాయ గలవానిని హాస్యానికి వాడుకొనడం సాధారణం. కొన్ని కులాలను, వృత్తులను కించపరచే మాటలు వినబడతాయి. ఇతర ప్రాంతాలవారిని ఒకే మూసలో పోసి నవ్వడం అన్ని భాషల చిత్రాలలోను ఉన్నది. ఆనాడు ఈ చిత్రాలకు అందరూ చూడదగినవనే ధ్రువపత్రం లభించింది. ఆ ధ్రువపత్రం ఆ కాలపు అభిప్రాయమే గాని శాశ్వత తీర్పు కాదు.

నేటి నియమాలు కొంత సహాయపడతాయి. 2021 నాటి నిబంధనల ప్రకారం స్ట్రీమింగ్ వేదికలు తమ చిత్రాలను అందరికీ తగినవి, ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు పైబడినవారికి తగినవి, పెద్దలకు మాత్రమే తగినవి అని ఐదు తరగతులుగా విభజించాలి. 2023లో చలనచిత్ర చట్టానికి జరిగిన సవరణ థియేటర్ల చిత్రాలకు కూడ ఈ వయోవిభజనను వర్తింపజేసింది. కాని ఏ ధ్రువపత్రమూ పిల్లవాని పక్కన కూర్చుండలేదు.

పక్కన కూర్చున్న పెద్దలు చేయగలిగినది ఇది. 'నాయనమ్మా, ఆమె ఏ తప్పూ చేయలేదు గదా, ఎందుకు కొట్టాడు?' అని మనుమరాలు అడుగుతుంది. 'అవి పాత రోజులు లేవే' అని దాటవేయడం సులభం. చిత్రాన్ని రెండు నిమిషాలు ఆపి, 'కొట్టడం తప్పే, అమ్మలూ. అప్పుడు కూడ తప్పే. కాని తప్పని చెప్పే ధైర్యం చాలామందికి ఉండేది కాదు' అని చెప్పగలిగితే, అది పాఠ్యపుస్తకంలో లేని చరిత్ర పాఠం. ఆ మాటను చెప్పే నాయనమ్మకు కూడ అది తేలికైన మాట కాదు. తాను యౌవనంలో చప్పట్లు కొట్టిన దృశ్యాన్ని మనుమరాలి కళ్ళతో మరొకసారి చూడవలసి వస్తుంది. పాత చిత్రాన్ని పిల్లలతో కలిసి తిరిగి చూడడంలోని అసలు ప్రయోజనం ఇదే. చిన్నవారు గతాన్ని తెలుసుకొంటారు. పెద్దవారు గతాన్ని తూచి చూచుకొంటారు. దృశ్యాన్ని ముందే కత్తిరించి చూపితే ఈ రెండూ జరుగవు. అయితే బిడ్డ వయసుకు మించిన భయం, హింస ఉన్న చిత్రమైతే మరికొన్ని సంవత్సరాలు ఆగడమే వివేకం. కనుక పెద్దలు ముందుగా ఒకసారి చూచి ఉండడం మంచిది.

చేయదగిన పనులు

మొదటిది, నెలకు ఒక్క సాయంత్రమైనా యంత్రం పేర్చిన వరుసను పక్కన పెట్టి, వెదికే చోట చిత్రం పేరు స్వయంగా రాసి ఎన్నుకోవాలి. ఒక నెల తాతగారు, మరుసటి నెల పిల్లలు, ఆ తరువాత అమ్మ, నాన్న. అందరికీ వంతు ఉండాలి. పిల్లల ఎంపికను పెద్దలు గౌరవిస్తేనే పెద్దల ఎంపికను పిల్లలు సహిస్తారు. ఇందులో మరొక లాభం ఉన్నది. పాత చిత్రాలను, పరభాషా చిత్రాలను పూర్తిగా చూస్తూ ఉంటే ఆ జాడలు యంత్రానికి కూడ చేరుతాయి. క్రమంగా అది అటువంటి చిత్రాలను ముందుకు తెస్తుంది. యంత్రం శత్రువు కాదు. శిష్యుని వంటిది. ఏమి నేర్పితే అదే తిరిగి చెబుతుంది.

రెండవది, పాత చిత్రాల నిడివికి భయపడరాదు. వాటి మధ్యలో విరామం ఉన్నది. శనివారం సగం, ఆదివారం సగం చూడవచ్చు. నడుమ ఒక రాత్రి 'తరువాత ఏమవుతుంది?' అని ఆలోచించడం కథా శ్రవణంలోని సగం ఆనందం.

మూడవది గ్రంథాలయాల బాధ్యత. ప్రతి పాఠశాల, కళాశాల గ్రంథాలయం పిల్లలు చూడదగిన భారతీయ చిత్రాల పట్టికను తయారుచేసి గోడకు అతికించవచ్చు. భాషకు ఒకటి చొప్పున, వాటి పక్కన మూల కథ లేక నవల పేరు రాయాలి. 'కాబూలీవాలా' చూచినవారికి ఠాకూర్ కథల సంపుటి, 'మాయాబజార్' చూచినవారికి భారత కథ అందించవచ్చు. చిత్రం పుస్తకానికి పోటీ కాదు, దారి. ఆ పట్టికను విద్యార్థులే తమ ఇళ్ళలోని పెద్దలను అడిగి నింపితే మరింత శ్రేష్ఠం. పెద్దల జ్ఞాపకాలకు ఆ కాగితంపై చోటు దొరుకుతుంది.

నాల్గవది, పిల్లల వివరాల రక్షణ. సిఫారసు యంత్రానికి ఆహారం ప్రేక్షకుని అలవాట్ల వివరాలే. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించరాదని, వారిని ఉద్దేశించిన ప్రకటనలు గుప్పించరాదని పేర్కొన్నది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడ్డాయి. వాటిని దశలవారీగా అమలులోకి తెచ్చే ఏర్పాటు ఉన్నది. ఈ విషయం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలి.

చివరిది, చిత్రాల పరిరక్షణ. మన తొలి టాకీ అయిన 1931 నాటి 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడ నేడు లభ్యం కాదు. పూణేలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం ఎన్నో చిత్రాలను కాపాడింది. 'కుమ్మాట్టి' చిత్రాన్ని 2021లో భారతీయ, విదేశీ సంస్థలు కలిసి పునరుద్ధరించాయి. కాని పెట్టెలో భద్రంగా ఉన్న చిత్రం సగమే బ్రతికి ఉన్నట్లు. తక్కిన సగం ప్రాణం దానిని చూచే పిల్లల కళ్ళలో ఉన్నది. ఎవరూ అడగని చిత్రాన్ని ఏ వేదికా ఎక్కువ కాలం నిలుపుకోదు. అడిగే కుటుంబాలు ఉన్నంతవరకే ఆ చిత్రాలు తెరపై ఉంటాయి.

మిత్రులారా, పోలికలు వెదకడం యంత్రం వృత్తి. నిన్న నచ్చినదాని వంటిదే నేడు ఇవ్వడంలో అది సాటిలేనిది. కాని ఈ దేశం ఒకరినొకరు పోలిన మనుషులతో ఏర్పడినది కాదు. భిన్నమైన మాట, భిన్నమైన తిండి, భిన్నమైన పాట గలవారు ఒకరి కథకు మరొకరు కంటతడి పెట్టగలగడం చేత నిలిచినది. ఆ కన్నీటిని, ఆ నవ్వును పిల్లలకు పరిచయం చేసే పని యంత్రానికి అప్పగించదగినది కాదు. అది ఇంటిలోని పెద్దల పని, బడిలోని గురువుల పని. ఖర్చు స్వల్పం. కావలసినది నెలకొక సాయంత్రం, పక్కన కూర్చునే ఓపిక, అడిగిన ప్రశ్నకు దాటవేయకుండా చెప్పే సమాధానం.